సి విటమిన్ ఎటు పోయింది?

కౌంటర్లో అమ్మాయి చేతికిచ్చిన రిపోర్టు చదవగానే గ్లోరీకి ఒళ్లు మండిపోయింది. సరాసరి ల్యాబ్ పెద్ద నాగేందర్ గదిలోకి వెళ్లి కాగితాన్ని బల్ల మీద పడేసింది.

హాలియాలో కూలి పనులు మానుకొని బత్తాయి రసం తీస్తున్న ఆడవాళ్ల సంఘానికి ఆమె లీడరు. హాస్టళ్లకు రసం పంపే ఆర్డరు దక్కాలంటే, అందులో సి విటమిన్ సరిపడా ఉందని నల్లగొండలోని ఈ ల్యాబ్ రాసివ్వాలి. మొదటిసారి లేదన్నారు. ఇది రెండోసారి, ఇక మూడోసారి ఉండదు. మళ్లీ అదే మాట రాశారు.

నాగేందర్ కాగితం వంక చూడను కూడా లేదు. సి విటమిన్ అంటే ఇనుప ముక్క కాదమ్మా అంటూ మొదలుపెట్టాడు. ఎండకు పోతుంది, వేడికి పోతుంది, గాలి తగిలినా పోతుంది, రాగి గిన్నెలో పోస్తే మరీ తొందరగా పోతుంది. పోయినసారి తెల్ల సీసాలో పోసి బస్సులో ఎండకు తెచ్చినప్పుడే ఇదంతా చెప్పాను కదా అని విసుక్కున్నాడు.

చెప్పినవన్నీ చేశామంది గ్లోరీ. స్టీలు గిన్నెలో పిండారు. ముదురు రంగు సీసాలో మూత దాకా నింపి ఐసులో పెట్టారు.

“అయితే మీ చేతులల్లనే ఏదో ఉంది. కైకిలికి పోయేటోళ్లకు రసం దందా ఎందుకమ్మా?”

గ్లోరీకి నోటిదాకా తిట్టు వచ్చింది. పళ్ల బిగువున ఆపుకుంది. హాలియాలో సంఘం ఆడవాళ్లంతా ఆమె ఫోను కోసం ఎదురుచూస్తున్నారు.

“గీ పరీక్ష మీరే చేసిండ్రా సారూ, ఇంకెవరన్న చేసిండ్రా?”

“నేనే చేసిన. నిన్న సాయంత్రం మీ సీసా రాంగనే చేసిన. రెండుసార్లు చూసిన. సగం విటమిన్ గూడ మిగల్లే.”

ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమంది. వినపడలేదా అంటూ, పక్క గదుల్లో వాళ్లు కూడా తొంగిచూసేంత గట్టిగా చెప్పాడు నాగేందర్.

గ్లోరీ కిటికీ తలుపు తోసి, గేటు బయట నిలబడ్డ ఆటోను చూపించింది.

“నిన్న పంపుతున్నమని ఫోన్ చేసినం గని, ఆటో చెడిపోయింది. రసం ఇయ్యాల పొద్దుగాల పిండినం సారూ. సీసా ఇంక ఆటోలనే ఉంది, దింపనే లే.”