బ్రెడ్డు జ్వరం

“ఇంకొక్క ముద్ద జ్యోతీ, నా మాట విను. కొర్రన్నంలో ఉన్న బలం దేంట్లోనూ లేదు.”

ఆ ముద్ద గొంతు దిగకుండానే జ్యోతిర్మయి పెరట్లోకి పరిగెత్తింది. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. రాగిజావ ఇమడలేదు, జొన్నరొట్టె ఇమడలేదు. వేమూరు నుంచి పనిగట్టుకుని తెప్పించిన దంపుడు బియ్యమైతే ఉడుకుతున్న వాసనకే కడుపులో తిప్పేసింది. ఆమెకిప్పుడు రెండో నెల.

“అత్తయ్యా, నాకు బ్రెడ్డు కావాలి,” అంది నోరు కడుక్కుని వచ్చి. “అదొక్కటే ఇమిడేలా ఉంది. ఏది ఇమిడితే అది తినమని డాక్టరమ్మ చెప్పింది. మంగళవారానికి ఇంకో కిలో తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కిస్తానంది. మీరూ విన్నారుగా!”

“విన్నాన్లే. ఆవిడకేం తెలుసు? మైదా కడుపులోకెళ్తే బంకలా పట్టేసుద్ది.”

మోకాళ్ళ నొప్పులు మొదలైన దగ్గర్నుంచి మాణిక్యాంబకు ఫోనులో చూసే వీడియోలే వేదం. పాలిష్ బియ్యం, పంచదార, మైదా ఆ ఇంటి గుమ్మం తొక్కి ఆరు నెలలైంది. మోకాళ్ళు ఆవిడవి, పథ్యం ఇంటిల్లిపాదికీ.

“బంకో గింకో, లోపల నిలబడుద్ది కదండీ!”

“అయినా ఇప్పుడు బ్రెడ్డు కొంటే వీధంతా ఆరా తీస్తారు. మూడో నెల నిండేదాకా బయటికి పొక్కకూడదు. దిష్టి తగులుద్ది.”

“రేపు సెలైన్ బాటిలు పెట్టుకుని పడుకుంటే పొక్కదా?” జ్యోతిర్మయికి ఏడుపొచ్చింది. ఆకలి కన్నా ఈ వాదనలతోనే ఒళ్ళు మండిపోతోంది.

తల్లికీ పెళ్ళానికీ మధ్య నోరు మెదపడం చేతకాని అజయ్ బాబు స్కూటరు తాళం తీసుకుని బయటపడ్డాడు. పావుగంటలో బ్రెడ్డు తెచ్చాడు. తెచ్చినవాడు సంచిలో దాచుకోవద్దూ! ప్యాకెట్టును స్కూటరు కొక్కేనికి తగిలించి గంగానమ్మపేట నడివీధిలో ఊరేగించుకుంటూ వచ్చాడు. మన వైపు బ్రెడ్డు ఎవరికి కొంటారు? జ్వరం పడ్డవాళ్ళకి కొంటారు. ఆ ప్యాకెట్టు చూసిన ప్రతివాళ్ళకీ ఈ ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని అర్థమైపోయింది.

జ్యోతిర్మయి మొదటి ముక్క నోటిదాకా తెచ్చిందో లేదో గేటు చప్పుడైంది. మాణిక్యాంబ ఆ ముక్కను చటుక్కున లాక్కుంది. ఎదురింటి హనుమాయమ్మ ఒక చేత్తో బ్రెడ్డు ప్యాకెట్టు, ఇంకో చేత్తో వేడిపాల గ్లాసుతో లోపలికి వచ్చేసింది.

“ఎవరికొదినా ఒంట్లో బాగోలేదు? జ్యోతికేనా? మొహమంతా పీక్కుపోయిందే!”

“దానికేం, గుండ్రాయిలా ఉంది! జ్వరం నాకు,” అంటూ మాణిక్యాంబ మంచమెక్కి దుప్పటి మెడదాకా లాక్కుంది.

“అయ్యో! అయితే తిను మరి. ఇదిగో, పాలల్లో ముంచుకో.”

“తర్వాత తింటాలే.”

“తర్వాతేంటి? ఖాళీ కడుపున మాత్ర ఎట్టా వేసుకుంటావ్? నువ్వు తినేదాకా నేను కదల్ను.”

మాణిక్యాంబ బ్రెడ్డు వంక శత్రువును చూసినట్టు చూసింది. మొదటి ముక్క కళ్ళు మూసుకుని మింగింది. రెండో ముక్కకు బతిమాలించుకోలేదు. మూడోది తనే అందుకుంది.

ఈలోగా పక్క వాటాలో ఉండే నాగమ్మ వచ్చింది, బ్రెడ్డుతో. వీధి చివర సుందరయ్య వచ్చాడు, బ్రెడ్డుతో పాటు నాలుగు బత్తాయిలతో. ఆయన వెనకే ఇంకో ముగ్గురు.

“ఆ కొర్రలూ అరికెలూ మానెయ్ చెల్లెమ్మా. అవి తినే నీరసపడ్డావు,” అన్నాడు సుందరయ్య.

మాణిక్యాంబ నోరు తెరవబోయింది. హనుమాయమ్మ ఆ నోట్లో ఇంకో ముక్క పెట్టింది.

జ్యోతిర్మయి గుమ్మాన్ని పట్టుకుని నిలబడి చూస్తోంది. ఇంట్లో ఏడు ప్యాకెట్ల బ్రెడ్డు ఉంది. గుండ్రాయిలా ఉన్న మనిషి కాబట్టి ఒక్క ముక్క ముట్టుకోవడానికి లేదు. పైగా వచ్చిన ఆరుగురికీ టీ పెట్టమన్నారు. తన కోసం తెచ్చిన బ్రెడ్డు అత్తగారు చప్పరిస్తుంటే, టీ పొడి వాసనకు ముక్కు మూసుకుని వంటింట్లో నిలబడి నిజంగానే ఏడ్చేసింది.

గంట తర్వాత అందరూ కదిలారు. గేటు మూసుకోగానే జ్యోతిర్మయి నేల మీదే చతికిలబడి నాలుగు ముక్కలు గబగబా తినేసింది. తిని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. పది నిమిషాలైంది. అరగంటైంది. కడుపు కదల్లేదు. వారం రోజుల తర్వాత తిన్నది లోపల నిలిచింది.

మాణిక్యాంబ మంచం మీంచి కోడల్నే చూస్తోంది. పాలిపోయిన ఆ మొహంలోకి కాస్త రంగొచ్చింది.

“ఇంకో రెండు తిను,” అంది మెల్లిగా. దుప్పట్లోంచి చెయ్యి చాపింది. “నాకూ ఒకటియ్యి.”

ఇద్దరూ నములుతుండగా గేటు మళ్ళీ చప్పుడైంది. పాలగ్లాసు కోసం హనుమాయమ్మ తిరిగొచ్చింది.

“ఎట్టా ఉందొదినా? ఎన్నాళ్ళకి తగ్గుద్దన్నాడు డాక్టరు? అన్నాళ్ళూ రోజుకో ప్యాకెట్టు నేనే తెచ్చిపెడతా.”

మాణిక్యాంబ బల్ల మీది ప్యాకెట్లను చూసింది. కోడలి చేతిలోని ముక్కను చూసింది. దుప్పటి మెడదాకా లాక్కుని, గట్టిగా మూలిగింది.

“మూడో నెల నిండేదాకా తగ్గదన్నాడమ్మా!”