పదకొండు కట్టలు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు. నికెల్ పూత షెడ్డు గుమ్మంలో ఇన్‌స్పెక్టరమ్మ తాళంకప్ప పట్టుకుని నిలబడింది. పూత తొట్లు కడిగిన విషపు నీళ్ళు కాలవలో కలుస్తున్నాయని ఫిర్యాదు వెళ్ళింది. తాళం పడితే మేస్త్రితో కలిపి పదకొండు ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది.

"ఒక్కసారి మా పీపాలు చూడు తల్లీ. తర్వాత నీ ఇష్టం," అన్నాడు మేస్త్రి.

షెడ్డు వెనక వరసగా అయిదు పీపాలు. వాటి నిండా కడిగి ఆరబెట్టిన వరి ఊక. మొదటి పీపాలో పోసిన ఆకుపచ్చ నీళ్ళు చివరి పీపా నుంచి తేటగా కారుతున్నాయి. ఈ పని మొదలుపెట్టిన రోజు షెడ్డంతా నవ్వి, ఊకదంపుడు మేస్త్రి అని పేరు పెట్టింది. అతను మాత్రం ఎనిమిది రోజులకోసారి పాత ఊక తీసి కొత్తది కూరుతూ వచ్చాడు.

ఆమె గాజు గొట్టంలో నీళ్ళు పట్టి విషం ఉంటే రంగు మారే మందు చుక్కలు వేసింది. రంగు మారలేదు. మళ్ళీ పట్టింది. అప్పుడూ మారలేదు. తాళంకప్ప సంచిలో వేసుకుంది.

అన్నాల వేళయింది. మేస్త్రి క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తినిపొమ్మన్నాడు. డ్యూటీలో తినకూడదని ఆమె నవ్వింది. కానీ కూర వాసనకు ఒకసారి వెనక్కి తిరిగింది.

"తోటకూరా?"

"అవును తల్లీ. ఈ ఏడు మా అందరి పెరళ్ళలోనూ చేటంత ఆకు వేసింది. పూటపూటా అదే."

ఆమె కాగితం మీద సంతకం పెడుతూ, మామూలుగానే అడిగింది. "నీళ్ళలోని విషం ఎటూ పోదు మేస్త్రిగారూ. ఊకలోకి ఎక్కుతుంది, అంతే. ఆ పాత ఊక ఏం చేస్తున్నారు?"

మేస్త్రి నోట్లో ముద్ద ఆగిపోయింది. పక్కనే ఉన్న షెడ్డు యజమాని మాట అందుకుని, ఊరికి దూరంగా గొయ్యి తీసి పూడుస్తున్నామన్నాడు. ఆమె అదే రాసుకుని వెళ్ళిపోయింది. పనివాళ్ళు మేస్త్రిని భుజాల మీదికి ఎత్తుకోబోయారు. అతను ముద్ద ఉమ్మేసి, క్యారేజీ మూసి, ఇంటిదారి పట్టాడు.

"తాళం పడలేదటగా, మొహం అలా పెట్టావేం?" అంది భార్య, తోటకూర కడుగుతూ.

అతను ఆమె చేతిలోని గిన్నె లాక్కుని బోర్లించాడు. ఆ సాయంత్రం తక్కిన పది ఇళ్ళ గుమ్మాలూ ఎక్కి దిగాడు.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసు తలుపు తీసేసరికి ఎదురుగా మేస్త్రి. తెచ్చిన తోటకూర కట్టలు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాడు. పదకొండు. మొక్కల వేళ్ళకింకా ఊక అంటుకునే ఉంది.

"గొయ్యి లేదు తల్లీ. ఆ పాత ఊక మంచి ఎరువు, పారబోయడం ఎందుకని ఇంటింటికీ వంతులేసి పంచింది నేనే," అంటూ చెయ్యి చాచాడు. "ఆ తాళం ఇటియ్యి. నేనే వేసి వస్తాను."