మేట్రన్ వదిన తనిఖీ

గోడలకు రంగు వేయించాలి. కర్టెన్లు ఉతికి ఆరేయాలి. ఫ్యాన్ రెక్కలు తుడవాలి. కేకులోకి ఎండుద్రాక్ష నానబెట్టాలి. అమ్మాయి గౌనుకు అంచు కుట్టాలి. గుమ్మానికి నక్షత్రం కట్టాలి. ద్వారబంధాల మీది దుమ్ము దులపాలి. ఇదొక్కటి మాత్రం రెండుసార్లు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నానికి అన్నీ అయ్యాయి, మొదటిది తప్ప. ముందుగది గోడకు సగం దాకా లేతనీలం వేసి, జ్వరమొచ్చిందని రంగులాయన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతా సగం పాత సున్నంతో, చెమ్మ మరకలతో అలాగే ఉండిపోయింది. ఆ గోడ ముందు నిలబడి ఇల్లాలు కొంగు నడుముకు దోపింది, తీసింది, మళ్ళీ దోపింది.

సాయంత్రం వదిన వస్తోంది.

వదినంటే భర్తకు అక్క. ఆస్పత్రిలో మేట్రన్‌గా చేసింది. మంచాల చట్రాల మీద వేలితో గీసి, దుమ్మంటిన ఆ వేలు నర్సు ముఖం ముందు పెట్టేదట. రిటైరయింది మనిషే గానీ వేలు కాదు. ప్రతి క్రిస్మస్‌కూ తమ్ముడి ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే ద్వారబంధం మీద వేలు పెడుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ నోట ‘బాగుంది’ అనిపించుకోలేదు ఇల్లాలు. ఈసారి అనిపించుకు తీరాలని పట్టు.

బస్సు డ్యూటీ దిగి డ్రైవరు భర్త ఇంటికొచ్చేసరికి, నీళ్ళయినా ఇవ్వకుండా బీరువా జరపమంది భార్య. గోడకు అడ్డంగా పెట్టాలట. అలా పెడితే మనుషులు నడిచేదెలా అని ఆయన అడిగాడు.

“పక్కకు తిరిగి నడుస్తారు. మీ అక్కవి డేగకళ్ళు. ఆ మరకలు కంటపడ్డాయంటే వచ్చే క్రిస్మస్ దాకా నేను వినాలి.”

“యేసు పుట్టింది పశువుల పాకలో కదమ్మా, అక్కడ రంగెవరు వేయించారు?” అంది కూతురు.

“అక్కడికి మీ మేనత్త రాలేదు. పట్టు, ఆ చివర పట్టు.”

ముగ్గురూ కలిసి నెడితే బీరువా మూలుగుతూ కదిలింది. మరకలు దాని వెనక దాక్కున్నాయి. పొద్దు వాలుతుండగా డ్రైవరు స్టూలెక్కి, వైరు బిగించి నక్షత్రం స్విచ్చి వేశాడు. వరండా అంతా ఎర్రబడింది. అక్క వచ్చేసరికి అది వెలుగుతుండాలని ఆయన పంతం.

ఆటో ఆగింది. తెల్లచీరలో మేట్రన్ దిగింది. ఎదురెళ్ళిన మేనకోడలి భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కింది. ద్వారబంధం మీద వేలు నడిపించింది. ఆ వేలికి బొటనవేలు రాసుకుంది. ఆ తర్వాత, ఎన్నో ఏళ్ళుగా నడిచిన ఇల్లే కదా, మేనకోడల్ని వదిలేసి చకచకా ముందుగదిలోకి వెళ్ళి తిన్నగా బీరువాకి కొట్టుకుంది.

మోకాలు రుద్దుకుంటూ నిలబడింది. “ఇదేంటి ఇక్కడ?”

దొరికిపోయామనుకుంది ఇల్లాలు.

“ఎక్కడి వస్తువు అక్కడుండాలమ్మా. తీసి దాని చోట పెట్టండి.”

ఆవిడ మాట కాదనే గుండె ఆ ఇంట్లో ఎవరికీ లేదు. బీరువా మళ్ళీ మూలిగింది. గోడ బయటపడింది, సగం నీలం, సగం మరకలు. మేట్రన్ దానివైపే ముఖం పెట్టి నిలబడింది. గట్టిగా ఊపిరి పీల్చింది.

“కొత్తరంగు. ఇప్పుడు బాగుంది,” అంది.

ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట వచ్చింది. కానీ అది మెచ్చుకోలో వెక్కిరింపో ఇల్లాలికి తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళింది, ఎందుకొచ్చిందో మర్చిపోయి బయటికొచ్చింది. ఈలోగా మేట్రన్ పరుపు మీది దుప్పటి మూలలు తడిమి మడత చక్కగా కుదిరిందంది. గౌను అంచు వేళ్ళ మధ్య నలిపి కుట్టు సన్నగా ఉందంది. ఒక్కో మెప్పుకూ ఇల్లాలు ఒక్కో అడుగు వెనక్కి వేసింది.

“మీ అక్క తిడితే తట్టుకోగలను. ఈ పొగడ్తేంటండీ?” అని వంటింట్లో భర్తను నిలదీసింది.

తుఫాను ముందు గాలి ఇలాగే ఆగుతుందని గొణిగి ఆయన గ్లాసులు కడగడంలో పడ్డాడు. ఎన్నడూ గ్లాసు కడిగిన మనిషి కాదు.

మేట్రన్ వరండాలో, నక్షత్రం కింద కుర్చీలో కూర్చుంది. ఇల్లాలు టీ కప్పు చేతికిచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు. కొంగు దోపింది, తీసింది. ఇక ఉండబట్టలేకపోయింది.

“వదినా, తిట్టాలనుంటే తిట్టేయండి. ఏదో ఒకటి కనపడే ఉంటుంది మీకు.”

మేట్రన్ కప్పును రెండు చేతులతో పొదివి పట్టుకుని చిన్నగా నవ్వింది. నక్షత్రం వెలుగుకి ఆవిడ తెల్లచీర, తెల్లజుట్టు, టీ కప్పు అన్నీ ఎర్రగా ఉన్నాయి.

“అడిగావు కాబట్టి చెప్తున్నా, ఏమనుకోకు. ఇల్లంతా అద్దంలా ఉంచావు. ఇంత చేసినదానివి, ఇంత చీకటైనా ఆ నక్షత్రం వెలిగించడం మర్చిపోయావేంటమ్మా?”

మీ గుమ్మానికి నక్షత్రం కట్టిన సాయంత్రం, దాని వెలుగులోనే కూర్చుని అదెప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూసిన ఆ మేట్రన్‌ని ఒకసారి తలుచుకోండి.