ఖాళీగా నిలిచిన పొక్లెయిన్

మట్టి తవ్వే సైటుకి వచ్చిననాడు అతని చేతిలో ఉన్నవి రెండే: ఒక పాత పొక్లెయిన్, టిప్పర్లను ఏ మిషన్‌కి పంపాలో చెప్పే సొంత బావమరిది. వారమంతా ఎక్కువసేపు ఖాళీగా నిలిచిన మిషన్‌ని శనివారం వెనక్కి పంపేస్తారు.

ఆవేళ శనివారం. పొద్దున్నుంచి టిప్పర్లన్నీ అవతలి కొత్త పొక్లెయిన్ ముందే బారులు తీరాయి.

"ఏరా, నా బండి నీ కంటికి ఆనట్లేదా?"

"నీది తొమ్మిది బకెట్లకి టిప్పరు నింపుద్ది బావా, అది ఐదింటికే నింపుద్ది. చుట్టరికం కాదు, పని చూడమని నేర్పింది నువ్వేగా?"

"సరే, ఆ కొత్తది ఎవడిదిరా?"

బావమరిది తల దించుకున్నాడు. "అక్కది. నగలన్నీ పెట్టి కొంది. నీ పాతదాన్ని నమ్ముకుంటే మునుగుతామంది. నీకు చెప్పొద్దంది."

అతను మనసులోనే లెక్క కట్టుకున్నాడు. ఇంటికి ఒక కొత్త మిషన్ కలిసొచ్చింది. ఇంట్లో తనవాళ్ళు ఇద్దరు తగ్గారు.