కదలకుండా పట్టుకోవాలి

"అమ్మా, రాణి కుంటుతోందే!"

కూతురి కేకకు టైలరమ్మ కుట్టుమిషను ఆపి వరండాలోకి వచ్చింది.

పెంపుడు కోడి ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలు తిప్పి చూస్తే అరికాలు ఉబ్బి, మధ్యలో నల్లగా పొక్కు కట్టింది. ముట్టుకుంటే కాలిపోతోంది.

"దారినపోయే దరిద్రాన్ని పిలిచి నెత్తిన పెట్టుకున్నారు. అనుభవించండి," అంది అత్తగారు లోపలినుంచి.

ఎక్కడినుంచో తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలో నిలబడ్డ నాటినుంచి ఆ కోడంటే ఆవిడకి పడదు. గుడ్డు పెడితే మాత్రం ముందు చెయ్యి చాపేది ఆవిడే.

పాపకి ఆ కోడే లోకం. బడినుంచి రాగానే సంచి ఓ మూలకి విసిరేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటుంది. అన్నం కూడా అక్కడే.

పశువుల డాక్టరు కాలు చూశాడు.

"చీము పట్టిందమ్మా. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్ళలో నానబెట్టండి. పొక్కు మెత్తబడ్డాక శుభ్రం చేసి, ఈ మందు రాసి కట్టు కట్టండి. పడుకునే చోట మెత్తగా గడ్డి పరవండి."

"మీరే చేసి పంపకూడదా డాక్టరుగారూ?"

"నేను ఒకరోజు చేస్తే తగ్గేది కాదు. రోజూ ఇంట్లో చెయ్యాలి. కదలకుండా పట్టుకోవాలి, అంతే."

అంతేనట! చెప్పినంత తేలికా?

అత్తగారు పట్టుకుంటే మొహం మీద రెక్కలతో కొట్టింది. పాప పట్టుకుంటే నీళ్ళగిన్నె బోర్లా పడింది. తువ్వాలు చుట్టి టైలరమ్మే గట్టిగా అదిమితే మందు రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. పెనుగులాటలో పుండు చిట్లి నెత్తురు కారింది. ఎలాగో కట్టిన కట్టుని తెల్లారేసరికి ముక్కుతో పీకి పారేసింది. ఇంటాయన లారీ మీద వెళ్ళిన మనిషి, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు.

"ఊరందరికీ బట్టలు కుట్టే చేతులు! కోడికాలికి గుడ్డపీలిక చుట్టలేకపోతున్నాను," అంటూ తడినేల మీదే కూలబడింది టైలరమ్మ.

ఆ రోజుల్లోనే గేటు దగ్గర ఒకడు తచ్చాడుతూ కనబడ్డాడు.

సందు చివర మాంసం కొట్టులో కోళ్ళు కోసేవాడు. చొక్కా నిండా మరకలే. వీధిలో అందరూ వాడిని కత్తిబాబు అంటారు. గేటు అవతల నిలబడి కోడినే చూసేవాడు. ఎవరైనా బయటికొస్తే తల దించుకుని వెళ్ళిపోయేవాడు.

"ఆ చూపేమిటే తల్లీ! కళ్ళతోనే కూర వండేసుకుంటున్నాడు," అంది అత్తగారు.

ఓ సాయంత్రం గేటుకి గడియ పెట్టడం మరిచిపోయారు. కోడి కుంటుకుంటూ వీధిలోకి పోయింది. టైలరమ్మ పరుగెత్తేసరికి అది కత్తిబాబు చేతుల్లో ఉంది. అరవలేదు, కొట్టుకోలేదు. వాడి మోచేతి సందులో తల దూర్చి కళ్ళు మూసుకుంది.

"ఏం చేశావ్ దాన్ని? ఇటివ్వు!"

"ఏం చెయ్యలేదమ్మా. కాలు బాగా చెడింది. నేను పట్టుకుంటాను, మీరు కడగండి. పనయ్యాక రోజూ వస్తాను."

"దొంగ చేతికి తాళాలిచ్చేంత వెర్రిదానిలా కనబడుతున్నానా నీకు?"

వాడు ఏదో చెప్పబోయాడు. ఇంతలో పాప ఏడుస్తూ వచ్చి, కోడిని లాక్కుని గుండెలకి హత్తుకుంది.

వాడు నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"కాలు నలిగిపోకుండా చూసుకో పాపా," అని మాత్రం అన్నాడు.

టైలరమ్మ అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కొంగు దోపుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళింది.

"మీ మనిషి మా కోడి మీద కన్నేశాడు. ఇంకోసారి మా గేటు దగ్గర కనబడితే మర్యాద దక్కదు, చెబుతున్నా!"

"నేను చూసుకుంటాలెండమ్మా," అన్నాడు కొట్టు యజమాని.

కత్తిబాబు ఆ వెనకే నిలబడి అన్నీ విన్నాడు.

మర్నాటినుంచి గేటు దగ్గర ఎవరూ లేరు. అమ్మయ్య అనుకున్నారు.

పుండు మాత్రం ఆగలేదు. వాపు పైకి పాకింది. కోడి గింజలు ముట్టడం మానేసింది. డాక్టరు మళ్ళీ చూసి పెదవి విరిచాడు.

"ఎముకదాకా పోయినట్టుంది. ఇప్పటికైనా సరిగ్గా కడిగి కట్టు కడితే... ఏమో. దీన్ని నిమ్మళంగా పట్టుకునేవాళ్ళే లేరా మీ ఇంట్లో?"

ఇంట్లో లేరు. టైలరమ్మకి కత్తిబాబు గుర్తొచ్చాడు.

సిగ్గు చంపుకుని, కోడిని బుట్టలో పెట్టుకుని, పాపని వెంటబెట్టుకుని కొట్టుకి పరుగెత్తింది.

"ఆ రోజు కోపంలో నోరు జారాను. అతన్ని ఒక్కసారి పిలవండి. అతని చేతుల్లో ఇది కదల్లేదు. కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."

యజమాని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కడినుంచి పిలవనమ్మా? మీరు అరిచి వెళ్ళిన సాయంత్రమే పొమ్మన్నాను. ఏ ఊరు పోయాడో ఏమో, ఫోను కూడా లేదు వాడికి."

బుట్టలో కోడి మెడ వాల్చేసింది.

"ఏదో ఒకటి చెయ్యవే అమ్మా," అని పాప కొంగు పట్టుకు లాగుతోంది.

ఏం చేస్తుంది?

"పొమ్మన్నప్పుడైనా నోరు విప్పి ఒక్క మాట చెప్పుకోవచ్చుగా ఆ మనిషి!" అంది ఏడుపు ఆపుకోలేక.

"అదే నా బాధానూ. ఆ వెనక గదిలోనే ఉండేవాడు. వాడు వెళ్ళాక పక్కింటావిడ చెబితేగానీ నాకూ తెలియలేదు."

"ఏం తెలియలేదు?"

ఆయన పాప వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆ కోడి వాడిదేనమ్మా, తప్పిపోతే వీధి వీధీ వెతుక్కుంటూ మీ గేటుదాకా వచ్చాడట, పాప ఒళ్ళో పడుకున్న దాన్ని చూసి ఇమ్మని అడగలేకపోయాడట."