వంకాయ ఎద్దు

నా పేరు చింతల గౌరవ్వ. వయసు అరవై ఒకటి. ఊళ్ళో నా ఇంటికి తాళం వేసి ఉంది. ఇక్కడ గల్ఫులోని ముఐథర్‌లో జపాను వాళ్ళింట్లో వంట చేస్తున్నాను. పండగ పాడుచేశానని సారు నన్ను ఊరికి పంపమన్నాడు కాబట్టి నన్ను పనికి పెట్టిన ఏజెన్సీకి ఈ మాట రాయిస్తున్నాను.

ఆగస్టులో వాళ్ళకు, చనిపోయిన పెద్దలకు పెట్టుకునే మన పెత్రమాస లాంటి పండగ. కీరదోసకు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకు గుచ్చి ఎద్దును చేస్తారు. చనిపోయినవాళ్ళు గుర్రమెక్కి తొందరగా వస్తారట, నాలుగో రోజు ఎద్దెక్కి మెల్లగా వెళ్తారట. సచికో మేడం పీట మీద తన కూతురి ఫోటో పెట్టింది. ఇక్కడే బిల్డింగు సైటులో పనిచేస్తూ పోయిన నా కొడుకు లింబాద్రి ఫోటో పక్కన పెట్టనిచ్చింది.

నాలుగో రోజు పొద్దున్నే నేను ఆ వంకాయను కోసి కూర వండాను.

ఇది రాస్తున్న సునంద అంటుంది: "తెల్వక చేసిన అని చెప్పు గౌరవ్వత్తా, సారు ఉంచుకుంటడు."

"తెల్వకేందే? గుర్రమెక్కి వచ్చిన కొడుకును నా చేతుల్తోనే ఎద్దెక్కిచ్చి పంపాల్నా?"

తెలిసే చేశాను. ఇప్పుడు నన్ను పంపితే వాడు ఈ ఇంట్లో ఒక్కడైపోతాడు. అందుకే పంపొద్దంటున్నాను.

ఇంకొక మాట. గుర్రం ఒక్కటే మిగిలిన పీటను చూసి మేడం కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

చింతల గౌరవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: సునంద, సచికో.