గాలాడే జాగా

నెల్లిమర్ల రోడ్డులో గిరిబాబు మూడు వాటాల మేడకి ముగ్గు పోసిన రోజే పక్కింటి పంతులమ్మ తగులుకుంది.

ఆవిడ పేరు రాజరాజేశ్వరి. పిల్లలకి వీణ నేర్పుతుంది. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుము పట్టు.

"గోడ హద్దు మీదికే తెచ్చేస్తున్నావేంటి బాబూ? గాలి ఏ దారిని రావాలి?"

"రోడ్డు మీంచి వస్తాది లెండి, పంతులమ్మగారూ" అన్నాడు గిరిబాబు.

కొన్నవాళ్లు కూడా అదే అడుగుతారేమోనని మేస్త్రీ నూకయ్య నసిగాడు.

"అడ్వాన్సు ఇచ్చీసినోలు ఏటడుగుతార్రా? మూడు వాటాలూ అమ్ముడైపోనాయి. నువ్వు గోడ లేపు."

గోడ నడుమెత్తు లేచేసరికి మునిసిపాలిటీ వాళ్లు టేపు పట్టుకుని దిగారు. పంతులమ్మ అర్జీ పెట్టిందట. ప్లానులో చూపించిన ఖాళీ జాగా నేల మీద లేదు. ఇంకుడు గుంత అసలే లేదు. సరిచేసేదాకా పని ఆపమన్నారు.

వానలు ముంచుకొస్తున్నాయి. గిరిబాబుకి అన్నం సయించలేదు. స్వీట్ల పెట్టె పట్టుకుని రాజీకి వెళ్లాడు. ఆవిడ మజ్జిగ ఇచ్చింది. పెట్టె తిరిగిచ్చేసింది.

"గోడ వెనక్కి జరుపు. ఇంకుడు గుంత తవ్వించు. ఆ వేపచెట్టు కొట్టకు. పై డాబాకి చలువ పెయింటు వేయించు."

"మా డాబా కాల్తే మీకేటండి నొప్పి?"

"నాకేం నొప్పి నాయనా. పర్యావరణానికి మంచిదని మునిసిపాలిటీ వాళ్లే రాశారు, చదువుకో."

గిరిబాబు పళ్లు నూరుకుంటూ గోడ కూల్చి, జరిపి కట్టాడు. గుంత తవ్వించాడు. చెట్టు ఉంచాడు. అక్కడితో వదిలిందా? ప్రహరీ మీంచి తొంగి చూసి, "ఆ కిటికీ ఇంకాస్త పెద్దది పెట్టరాదూ" అనేది. మళ్లీ అర్జీ పెడుతుందేమోనని అదీ పెట్టాడు.

మేడ పూర్తయింది, డాబాకి చలువ పెయింటూ పడింది. మండువేసవి మిట్టమధ్యాహ్నం పంపులు చూసుకోడానికని పై వాటాకి వెళ్లాడు. వేపచెట్టు మీంచి గాలి ఈ కిటికీలో దూరి ఆ కిటికీలోంచి పోతోంది. కాస్త నడుం వాలుద్దామని గచ్చు మీద ఒరిగినవాడు, నూకయ్య వచ్చి తట్టి లేపేదాకా లేవలేదు.

తిన్నగా పంతులమ్మ గుమ్మంలోకి వెళ్లాడు.

"తిట్టుకున్నానండి మిమ్మల్ని. ఇప్పుడు సూస్తే ఇల్లు బంగారంలాగున్నాది. పరాయోల ఇంటి కోసం ఇంత పోరేరు, మీకేటి ఒరిగింది సెప్పండి?"

"ఏదో ఒకటి ఒరక్కపోతుందా" అని ఆవిడ నవ్వింది.

గృహప్రవేశం నాడు, పై వాటా కొన్న మహతి పాలు పొంగించబోతూ "అమ్మా, రావే" అని కిటికీలోంచి కేకేస్తే, అద్దె ఇంటి తాళాలు ఓనరు చేతిలో పెట్టేసి, వీణ ఎత్తుకుని రాజరాజేశ్వరి మేడ మెట్లెక్కింది.